దిగుడులో వినాల్సిన చప్పుడు

మా పెదనాన్నకి కుడిచెవి పూర్తిగా పోయిందన్న సంగతి ఇద్దరికే తెలుసు. పెద్దమ్మకి, నాకు. ఎడమచెవి కూడా సగం పోయిందని మేమిద్దరం అనుకునేవాళ్లం. ఆయన మాత్రం ఒప్పుకునేవాడు కాదు. చెవి పోతే ఏ మనిషికైనా కష్టమే. కానీ ఈయన పాతకార్ల ఇంజన్లని చెవితో ట్యూన్ చేసి బతికే మనిషి. ఊళ్లో ఆయన పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు. చెవిమేస్త్రి అంటే చాలు, షెడ్డు దాకా తీసుకొచ్చి దింపుతారు.

ఆ షెడ్డు టైర్ల దుకాణానికీ అద్దాలు కోసే దుకాణానికీ మధ్య ఉంటుంది. రేకుల కప్పు, నూనె తాగి నల్లబడ్డ నేల, గోడకి ఒక మేకు. ఆ మేకుకి మూరెడు రబ్బరుగొట్టం వేలాడుతూ ఉంటుంది. గొట్టం ఒక కొస కార్బురేటర్ మూతి దగ్గర, రెండోది తన చెవిలో పెట్టుకుని పెదనాన్న కళ్లు మూసుకునేవాడు. మరుక్షణం స్క్రూడ్రైవరు పావు వంతు తిరిగేది. అప్పటిదాకా దగ్గుతున్న బండి పాలు తాగిన పిల్లలా సర్దుకునేది.

బస్సుల డిపోలో బళ్లు కడిగే పనితో మొదలుపెట్టాడట. ఒకరోజు నీళ్లగొట్టం పట్టుకుని నిలబడే, లోపలికి వస్తున్న బస్సుని చూడకుండానే, "మూడో సిలిండరు పనిచెయ్యడం లేదు" అన్నాడట. ఫోర్‌మన్ మొదట నవ్వి, బానెట్ ఎత్తి చూశాక నవ్వడం మానేశాడట. మరోసారి జ్వరంతో మంచం మీద ఉండి, వీధిలో పోతున్న కారు చప్పుడు విని, "ఆ బండి ఆపవే, ప్లగ్గు పోయింది" అని పెద్దమ్మని పరిగెత్తించాడు. పెద్దమ్మ ఆ కథ చెప్పినప్పుడల్లా చివర ఒక మాట కలుపుతుంది. "వీధిలో పోయే కారు దగ్గు వినపడుతుంది గానీ, వంటింట్లో నా దగ్గు ఏనాడూ వినపడలేదు."

మా ఊరు కొండల మొదట్లో ఉంది. ఇక్కడినుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి వెళ్లి, రెండు శిఖరాల మధ్య కనుమ దాటి, అవతల లోయలోకి దిగుతుంది. కొత్తకార్లకి ఆ ఎత్తు ఒక లెక్క కాదు. వాటి లోపలి కంప్యూటరే అన్నీ చూసుకుంటుంది. కార్బురేటర్ ఉన్న పాతబళ్లకే తిప్పలు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. గాలి తగ్గినా కార్బురేటర్ మాత్రం తన పాత కొలతలోనే పెట్రోలు పోస్తూ ఉంటుంది, ఆకలి లేదన్న కొడుక్కి తల్లి వడ్డిస్తూనే ఉన్నట్టు. ఇంజను ఉక్కిరిబిక్కిరై నల్లపొగ కక్కుతుంది. అప్పుడు బండి ఆపి, పెట్రోలు వచ్చే చిన్న ఇత్తడి జెట్టు తీసేసి, ఇంకా సన్నటి కన్నం ఉన్నది బిగించాలి. స్పార్కు పడే సమయం వెంట్రుకవాసి ముందుకు జరపాలి. అవతల దిగేటప్పుడు ఇదంతా తిరగెయ్యాలి. దిగేకొద్దీ గాలి చిక్కబడుతుంది, కానీ పెట్రోలు సన్నగానే వస్తుంటుంది. ఇంజను లోలోపల కాలిపోతుంది. పొగ ఉండదు, వాసన ఉండదు. ఒక సన్నటి చప్పుడు మాత్రం వస్తుంది.

"ఎక్కేటప్పుడు బండి అరిచి చెబుతుంది. దిగేటప్పుడు గొణుగుతుంది. ఆ గొణుగుడు వినేవాడే మేస్త్రి" అనేవాడు పెదనాన్న.

అందుకే పాతబండి కనుమ దాటాలంటే మేస్త్రి కూడా దాంట్లో కూర్చుని వెళ్లడం మా ఊళ్లో రివాజు. పెదనాన్న ముందు సీట్లో కిటికీ దించుకుని, తలుపు చట్రానికి తల ఆనించి కూర్చునేవాడు. మాట్లాడేవాడు కాదు, ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. చప్పుడు మారిన చోట "ఆపండి" అనేవాడు. అది ఒక్కోరోజు ఒక్కో మలుపు. పక్క వీధిలో ఉండే, అన్నీ మీటర్లు పెట్టి కొలిచే మీటరు మేస్త్రికి ఇవేవీ లేవు. ఆయన ఏ కిలోమీటరు రాయి దగ్గర ఏ జెట్టు మార్చాలో కాగితం మీద రాసి, బండివాళ్ల చేతికే ఇచ్చేవాడు.

"వాడు రాళ్లని అడిగి పని చేస్తాడు. ఏ రోజు గాలి ఆ రోజుది. రాయికేం తెలుసు?" అని పెదనాన్న ఎగతాళి చేసేవాడు.

ఆ మాట పక్క వీధికి చేరింది. జవాబు కూడా తిరిగొచ్చింది. "నిజమే. కానీ రాయికి ముసలితనం రాదు."

వచ్చింది. మొదట నీళ్ల చప్పుడు వినపడక పెదనాన్న కుళాయి కట్టెయ్యడం మర్చిపోయేవాడు. తర్వాత రబ్బరుగొట్టం మేకుకే ఉండిపోయింది. ఇంజను మీద వేళ్లు ఆనించి కళ్లు మూసుకోవడం మొదలుపెట్టాడు. బానెట్ మీద నీళ్లగ్లాసు పెట్టి, నీటి మీద వణుకు చూసి స్క్రూ తిప్పేవాడు. ప్లగ్గు విప్పి దాని రంగు చూసేవాడు. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ, కాల్చిన మట్టి రంగులో ఉంటే సరి. చూసేవాళ్లు, మేస్త్రి విద్య ఇంకో మెట్టు ఎక్కింది అనుకున్నారు.

పెద్దమ్మ బలవంతం మీద ఒకసారి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. డాక్టరు మిషను పెట్టుకోమన్నాడు. బయటికొచ్చాక పెదనాన్న అన్నాడు. "చెవిలో మిషను పెట్టుకుని షెడ్డులో కూర్చుంటే, ఈత నేర్పేవాడు నడుముకి టైరుట్యూబు కట్టుకున్నట్టుంటుంది."

"మునిగేకన్నా నయమే కదా" అంది పెద్దమ్మ.

ఆయనకి వినపడలేదు. వినపడనట్టు ఊరుకున్నాడో ఏమో. అలాంటప్పుడు పెద్దమ్మ నావైపు తిరిగి, "నలభై ఏళ్లు వినకుండానే కాపురం చేశాడు. ఇప్పుడు నిజంగా వినపడదట. నాకేం తేడా తెలుస్తుందే" అనేది. నవ్వేది కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాక ఆరునెలలపాటు ఆయన కనుమ ప్రయాణాలు ఒప్పుకోలేదు. మోకాళ్ల నొప్పి అన్నాడు, చలి పడదన్నాడు. అప్పుడు మందుల షాపాయన వచ్చాడు.

ఆయన దగ్గర వాళ్ల నాన్న కొన్న కారుంది. అరవై ఏళ్ల నాటిది. బీరువా తలుపుల్లాంటి తలుపులు, ముందూ వెనకా మంచాల్లాంటి సీట్లు. వాళ్లమ్మకి తుంటి విరిగి లోపల కడ్డీ వేశారు. కాలు మడవలేదు. కనుమ అవతల ఊళ్లో ఆవిడ అక్క మంచాన పడి ఉంది. ఇక రోజులే అని చెప్పారట.

"రోజూ ఫోన్లో అడుగుతోంది, చెల్లి బయల్దేరిందా అని. అంబులెన్సు అంటే అమ్మ ఏడుస్తోంది, నేనేం శవాన్నా అని. మా బండిలో అయితే వెనక సీట్లో కాలు చాపుకుని పడుకుంటుంది. మీరు పక్కనుంటే నేను నడుపుతాను మేస్త్రి గారూ. ఇంకొకళ్లని నమ్మి అమ్మని ఎక్కించలేను."

షాపాయన పెదనాన్న ఎడమచెవి వైపే నిలబడి, కాస్త గట్టిగానే చెప్పాడు. అందుకని పెదనాన్నకి అంతా వినపడింది. ఇంకొకళ్లని నమ్మలేను అన్న ఆ ఒక్క మాట వినపడకుండా ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మీటరు మేస్త్రి దగ్గరికి వెళ్లండి అని ఆయన చెప్పవలసిన చోటు అది.

"రెండు రోజులివ్వండి" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్దమ్మ కంచం ముందు పెట్టి చెయ్యి పట్టుకుంది. "చెప్పెయ్యండి. చెవి పోవడం దొంగతనమా? తప్పేముంది చెప్పడంలో?"

"ఇదొక్కటీ చేసి చెబుతా."

"చేశాక చెప్పేదేంటి?"

ఆయన కూర కలుపుకున్నాడు. పెద్దమ్మ నావైపు తిరిగింది. "నువ్వూ వెళ్లవే. ఆయన పక్కన కూర్చో. నీ చెవులు పుస్తకాల మధ్య ఊరికే పడి ఉన్నాయి కదా."

మర్నాడు షెడ్డులో పెదనాన్న నాకు ఆ చప్పుడు నేర్పాడు. షాపాయన కారుకే స్పార్కు కావాలని ముందుకు జరిపి, ఇంజను వేడెక్కనిచ్చి, చక్రాల కింద ఇటుకలు పెట్టి, గేరులో ఉంచి ఒక్కసారి గట్టిగా తొక్కాడు. లోపలెక్కడో సన్నగా ఏదో రాలినట్టయింది.

"వినపడిందా?"

"వినపడింది."

"ఎలా ఉంది?" అన్నాడు. దూరదేశంలో ఉన్న స్నేహితుడి గురించి అడిగినట్టు అడిగాడు.

"రేకుడబ్బాలో గోళీలు దొర్లినట్టుంది."

"అదే. నాకింగ్ అంటాం. దిగుడులో అది వినపడితే నా మోకాలు తట్టు. నోటితో ఏమీ అనకు. నేను ఆపిస్తాను."

పొద్దున్నే బయల్దేరాం. వెనక సీట్లో షాపాయన అమ్మగారు మూడు దిండ్లు వేసుకుని కాలు చాపుకుని పడుకున్నారు. ముందు సీట్లో షాపాయన స్టీరింగు ముందు, నేను మధ్యలో, కిటికీ పక్కన పెదనాన్న. ఎప్పటిలాగే తల చట్రానికి ఆనించాడు. చెవి అలవాటు కొద్దీ అక్కడికి వెళ్లింది, అంతే. ఆయన కళ్లు మాత్రం పక్క అద్దంలో పొగగొట్టం వైపే ఉన్నాయి.

మూడుగంటలు ఎక్కాక అద్దంలో నల్లటి తీగ కనపడింది. "ఆపండి" అన్నాడు. దిగి, బానెట్ ఎత్తి, వేడి మీదే జెట్టు విప్పాడు. వేలు కాలింది. నోట్లో పెట్టుకుని చీకి మళ్లీ పనిలో పడ్డాడు. పావుగంటలో అయిపోయింది. బండి మళ్లీ హాయిగా ఎక్కడం మొదలుపెట్టింది.

"చూశావా అమ్మా, నాకు తేడాయే తెలియలేదు. మేస్త్రి గారి చెవికి దణ్ణం పెట్టాలి" అన్నాడు షాపాయన.

పెదనాన్న ఆ దణ్ణం కాదనలేదు. నేను నా చేతులకేసి చూసుకున్నాను.

కనుమ మీద గాలి ముక్కుని కోసింది. అక్కడ బంకులో పెట్రోలు పోయించాం. ఫోనుకి సిగ్నలు దొరికితే షాపాయన అవతలికి కలిపి, వాళ్లమ్మ చేతికిచ్చాడు. ఫోనులోంచి అక్కగారి గొంతు మాకూ వినపడింది.

"ఎక్కడ చచ్చావే?"

"పైనున్నానే అక్కా. ఇక దిగడమే."

"తొందరేం లేదు. త్వరగా రా."

"ఏదో ఒకటి చెప్పవే."

"నాకు ఓపికుంటే రెండూ ఎందుకు చెబుతాను? రా."

అమ్మగారు ఫోను తిరిగిచ్చి చాలాసేపు తనలో తనే నవ్వుకున్నారు.

దిగుడు మొదలైంది. మొదటి గంట ఏమీ లేదు. యాక్సిలరేటరు మీద కాలు వెయ్యకుండానే బండి జారుతూ పోతుంటే ఇంజనుకి బరువే ఉండదు. చెట్లు మళ్లీ కనపడ్డాయి, చెవులు టప్పుమని తెరుచుకున్నాయి. లోయలో నది, నది మీద వంతెన చిన్నగా కనపడింది. మీటరు మేస్త్రి కాగితంలో అయితే ఈపాటికే జెట్టు మార్చాల్సిన రాళ్లు రెండు దాటి ఉంటాం.

అక్కడ రోడ్డు కొంచెం ఎక్కి మళ్లీ దిగుతుంది. ఆ చిన్న ఎక్కుడులో నాకు వినపడింది. సన్నగా, దూరంగా. నేను పెదనాన్న మోకాలు తట్టాను.

ఆయన నావైపు చూశాడు. తర్వాత రోడ్డుకేసి చూశాడు.

"ఒరేయ్, ఎక్కడో గోళీలు దొర్లుతున్నాయిరా" అన్నారు వెనకనుంచి అమ్మగారు.

షాపాయన కాలు కొంచెం తీసి, ఇటు తిరిగి గట్టిగా అడిగాడు. "అవును మేస్త్రి గారూ, ఏదో చప్పుడు వస్తోంది. ఆపమంటారా?"

అప్పుడు పెదనాన్న ముఖం నాకు పక్కనుంచి కనపడింది. ఆయన వింటున్నాడు. ఒళ్లంతా చెవి చేసుకుని వింటున్నాడు. ఇంజను వైపునుంచి ఆయనకి గాలి హోరు తప్ప మరేదీ చేరడం లేదు.

"పాతబండి కదండీ. ట్యాపెట్లు. వేడెక్కితే నాలుగు మాటలు మాట్లాడతాయి. పోనివ్వండి."

మళ్లీ తట్టాను. ఆయన నా చెయ్యి తీసి నా ఒళ్లో పెట్టి, పైన రెండుసార్లు మెల్లగా తట్టాడు.

నేను నోరు తెరవొచ్చు. మూడక్షరాల మాట చాలు, ఆపండి అని. కానీ షాపాయన ముందు ఆ మాట నా నోట వస్తే, పెదనాన్న ఇన్నాళ్లు దాచిందంతా నేను బయట పెట్టినట్టే. రోడ్డు మళ్లీ దిగింది, చప్పుడు పోయింది. పోయింది కదా అనుకున్నాను. వంతెన దాటి అసలైన ఎక్కుడు మొదలయ్యాక అది మళ్లీ వచ్చింది. ఈసారి సన్నగా లేదు. షాపాయన ఏదో అనబోయేలోపు ఇంజను లోపల ఒక దెబ్బ పడింది. వెనక తెల్లటి పొగ కమ్మేసింది. బండి పది గజాలు కుంటి ఆగిపోయింది.

పెదనాన్న ప్లగ్గులు విప్పాడు. రెండోదాని కొన కరిగిపోయి ఉంది. దాని మీద ఉప్పురవ్వల్లా మెరిసే చుక్కలు. అది పిస్టన్ లోహం. పిస్టన్‌కి కన్నం పడిందని అర్థం. ఆయన ఆ ప్లగ్గుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏమైంది మేస్త్రి గారూ?"

"పెట్రోలు" అన్నాడు పెదనాన్న. "పైన పోయించింది మంచిది కాదు."

షాపాయన తల పట్టుకున్నాడు. "పాపం, దానికి మీరేం చేస్తారు" అన్నాడు.

ఆ రోజు ఇక ఆ దారిన రెండు లారీలే వెళ్లాయి. కాలు మడవని మనిషిని లారీ క్యాబిన్‌లోకి ఎక్కించే దారి లేదు. ఫోన్లకి సిగ్నలు లేదు. ఆ రాత్రికి రోడ్డు పనివాళ్ల రేకుల గదిలో ఉండి, పొద్దున్న ఒక ట్రాక్టరు వస్తే దాని వెనక కారుని గొలుసుతో కట్టించుకుని లాగించుకున్నాం. అమ్మగారు దారిపొడుగునా పెట్రోలు బంకువాణ్ణి తిట్టారు. పెదనాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఈసారి తల చట్రానికి ఆనించలేదు.

మధ్యాహ్నానికి చేరాం. గుమ్మంలోనే వాళ్ల చుట్టం ఒకావిడ ఎదురొచ్చింది. "నిన్న పొద్దుగూకేదాకా అడుగుతూనే ఉంది. బండి చప్పుడైతే చాలు, చూడమనేది. తర్వాత మాట పడిపోయింది" అని చెప్పింది.

అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కాలు కింద పీట వేశారు. ఆవిడ అక్క చెయ్యి పట్టుకుని, "వచ్చానే. త్వరగానే వచ్చానే" అంటూ ఉన్నారు. మంచం మీది మనిషి కళ్లు తెరవలేదు. మూడోరోజు పోయింది. పెదనాన్నా నేనూ బస్సులో ఇంటికొచ్చేశాం. ఆరుగంటల ప్రయాణంలో ఆయన ఒక్కసారే మాట్లాడాడు.

"నువ్వు తట్టావు. నాకేమీ వినపడలేదు. ఏమీ వినపడకపోతే బండి బాగున్నట్టు లెక్క, ఇన్నేళ్లూ. ఆ లెక్కలో పోయాను."

పదిరోజుల తర్వాత షాపాయన కబురు పంపాడు. కారుని లారీ మీద తెప్పించాడట, పిస్టన్లు వేరే ఊరినుంచి వస్తాయట, పని మాత్రం చెవిమేస్త్రి గారే చెయ్యాలట. పెట్రోలు వల్లే పోయిందనీ, మేస్త్రి తప్పు ఇసుమంత కూడా లేదనీ వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడట. కబురు తెచ్చినవాడు వెళ్లాక పెదనాన్న చొక్కా తొడుక్కున్నాడు. పెద్దమ్మ ఎక్కడికని అడగలేదు. నన్ను వెంట వెళ్లమని కళ్లతో చెప్పింది.

మందుల షాపు నిండా జనం. గాజు బల్ల ముందు చీటీలు పట్టుకుని ఏడెనిమిది మంది నిలబడ్డారు. షాపాయన లేచి, "రండి మేస్త్రి గారూ, లోపలికి రండి" అన్నాడు. పెదనాన్న లోపలికి వెళ్లలేదు. ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో ఆయనకి తెలియదు. వీధి అవతలికి కూడా వినపడేంత గొంతుతో అన్నాడు.

"మీ బండి పెట్రోలు వల్ల పోలేదు. నా వల్ల పోయింది. నాకు చెవులు వినపడవు. అవతల లోయలో మీరు చప్పుడన్నారే, అది నాకు వినపడలేదు. వినపడలేదని చెప్పలేదు."

చీటీలు పట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరే ఇటు తిరిగారు. షాపాయన చేతిలో మాత్రల అట్ట ఉంది. దాన్ని కత్తెరతో అడిగినంత మేరకు కత్తిరించి, కవర్లో వేసి, ఎదురుగా ఉన్న ముసలాయనకిచ్చాడు. తర్వాత బల్ల మీదికి వంగి, తల ఎత్తకుండా, చాలా మెల్లగా నాలుగు మాటలు అన్నాడు. పెదనాన్న ఆయన పెదాలకేసే చూస్తూ నిలబడ్డాడు. ఏమీ అందలేదు. నావైపు తిరిగాడు.

"ఏమన్నాడు?"

"బయటికెళ్లాక చెబుతాను పెదనాన్నా."

"ఇక్కడే చెప్పు."

నేను ఆయన ఎడమచెవి దగ్గర నోరు పెట్టి, అంతమంది ముందు అరిచాను.

"గోళీలు దొర్లుతున్నాయని అమ్మ చెప్పింది కదా, అప్పుడు మీరు ఒక్కమాట చెప్పి ఉంటే బండి ఆపేవాణ్ణి కదా అన్నారు. అమ్మకి ఈ సంగతి చెప్పొద్దన్నారు. ఆవిడ బంకువాణ్ణి తిట్టుకుంటోంది, వాణ్ణే తిట్టుకోనివ్వండి అన్నారు."

పెదనాన్న తలూపాడు. "సరే" అన్నాడు. "బండి మీటరు మేస్త్రికివ్వండి. వాడు బాగా చేస్తాడు." మెట్టు దిగబోతూ ఆగి, మళ్లీ నన్నడిగాడు. "ఇంకేమన్నా అన్నాడా?"

షాపాయన అన్నది ఇంకొక మాట ఉంది. మీ పక్కన కూర్చున్న అమ్మాయికి వినపడింది, రెండుసార్లు మిమ్మల్ని తట్టడం నేను చూశాను, ఆ అమ్మాయైనా చెప్పలేదు, అన్నాడు.

"లేదు పెదనాన్నా. అంతే" అన్నాను.

షాపాయన తలెత్తి నావైపు ఒకసారి చూశాడు. తర్వాత చెయ్యి చాపి, తర్వాతి మనిషి చీటీ అందుకున్నాడు.